నేను చూసినట్టు రాసి ఉన్న కాగితం

అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు పెట్టుకున్నవాడికి సరస్వతీ కటాక్షం ఉంటుందని మా మామగారు అంటుండేవారు. అక్కడి గిరాకీ అంతా చదువుకునే పిల్లలేనని ఆయన ఉద్దేశం. గ్రూప్స్‌కు చదివేవాళ్ళు, ఎస్సై పరీక్షకు చదివేవాళ్ళు, ఏదీ రాక మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేవాళ్ళు, అందరూ లైబ్రరీ నుంచి ఒకే నోట్సు పట్టుకొచ్చి తలా ఒక కాపీ అడిగేవారు. రెండు మిషన్లు, ఒక కంప్యూటర్, గోడకు ఆనించి ఒక స్టూలు. నేను, మధ్యాహ్నం అన్నం తెచ్చి సాయంత్రం దాకా సాయం ఉండే నా భార్య. 2009లో మొదలుపెట్టాను. నల్లకుంటలో మా నాన్న కట్టిన రెండు గదుల ఇల్లు ఉంది కాబట్టి ఇంటి కిరాయి బాధ లేదు. ఇంత మాత్రానికే నన్ను పెద్దమనిషిని చేశాడు రైటర్.

పోలీస్ స్టేషన్‌లో కాగితాల పని చూసే హెడ్ కానిస్టేబుల్‌ను రైటర్ అంటారు. ఈయన వారానికి రెండుసార్లు కాపీల కోసం వచ్చేవాడు. మాట మెత్తన. మా ఆవిడను వదినా అని పిలిచేవాడు. పిల్లల చదువులు అడిగేవాడు. దుర్మార్గుడైతే నేను మొదటి నుంచీ జాగ్రత్తగా ఉండేవాడిని, అదే నా ఏడుపు.

పోలీసులు ఏ వస్తువునైనా పట్టుకున్నా, ఎవరైనా నేరం ఒప్పుకున్నా, ఇద్దరు బయటి మనుషుల ఎదుట పంచనామా రాయాలి. ఆ ఇద్దరూ మేం చూశామని కింద సంతకం పెట్టాలి. వాళ్ళను పంచ్‌లు అంటారు. ఒకసారి చౌరస్తాలో ఆటో ఒక స్కూటర్‌ను గుద్దితే ఆ ఆటోను పట్టుకున్నప్పుడు నన్ను పంచ్‌గా పిలిచారు. నేను నిజంగానే చూశాను. సంతకం పెట్టాను.

"అన్నా, నువ్వు సదువుకున్నోనివి, సొంతిల్లున్నోనివి, ఎటు పోయేటోనివి గాదు. పంచ్ అంటే గసొంటోడే ఉండాలె," అన్నాడు రైటర్.

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. మా బంధువుల్లో నన్ను పెళ్ళిళ్ళకు పిలిస్తే వంటవాళ్ళ దగ్గర కాపలా ఉంచుతారు తప్ప మాట ముచ్చటకు కూర్చోబెట్టరు. అలాంటిది సర్కారు నన్ను పిలిచి నీ కళ్ళ మీద మాకు నమ్మకం అంటోంది. రాత్రి అన్నం తింటూ ఆ సంగతి రెండుసార్లు చెప్పాను.

తర్వాత తర్వాత పిలవడం మానేసి కాగితాలే తెచ్చేవాడు. "ఈ రెండిటి కింద సంతకం వెట్టన్నా. సాబ్ జల్దీ అంటుండు. పైన నేను నింపుకుంట." పైన ఏమీ ఉండేది కాదు, తెల్ల కాగితం. వెనక హాల్ టికెట్ ప్రింటు కోసం పిల్లలు నిలబడి ఉండేవారు. మిషన్ మూత మీదే పెట్టి గీకేసేవాడిని. నేనొక్కడినే కాదు, పక్క టైలర్ పెట్టేవాడు, చాయ్ హోటలాయన పెట్టేవాడు. పోలీసుకు తెల్ల కాగితం మీద సంతకం పెట్టడం మా వీధిలో మర్యాద కింద లెక్క. భయం లేదా అంటే ఉంది. నా షాపు మెట్లు రెండూ రోడ్డు మీదికే ఉండేవి, ఎవరైనా కొట్టేయమంటే కొట్టేయాల్సినవే. కానీ అందులో భయం పావు వంతు, మొహమాటం ముప్పావు.

ఆ రోజుల్లోనే మా ఎదురుగా ఒక అపార్టుమెంటు లేస్తోంది. అందులో టైల్స్ వేసే మేస్త్రి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చినవాడు. భార్య కూడా అక్కడే సిమెంటు కలిపేది. ఇద్దరూ కింద సెల్లార్‌లో రేకులు అడ్డం పెట్టుకొని ఉండేవారు. నా షాపు గడప దగ్గర ఒక టైలు లేచిపోయి వచ్చినవాళ్ళంతా తట్టుకుంటుంటే, ఒక ఆదివారం పిలవకుండానే వచ్చి, మిగిలిన ముక్క ఒకటి కోసి అతికించిపోయాడు. "దినాం కండ్లవడుతుందన్నా, సూడలేక వచ్చిన," అన్నాడు. చాయ్ ఇస్తే తాగాడు. పనిమంతుడి లక్షణం అది. వంకర చూస్తే చేతులు ఊరుకోవు.

2011 వానలు వెనకపట్టాక అతను కనిపించలేదు. పక్క వీధిలో ఎవరింట్లోనో బాత్‌రూమ్ టైల్స్ వేయడానికి పోయాడట, ఆ ఇంట్లో రెండు బంగారు గాజులు పోయాయట, పోలీసులు పట్టుకుపోయారట. చాయ్ హోటల్ దగ్గర ఆ ముచ్చట వచ్చినప్పుడు, "మంచోడే అనుకున్న. ఎవని కడుపుల ఏమున్నదో ఎవరికెర్క," అన్నాను. అన్నది నేనే, దాచుకోవడం దేనికి. అని, చాయ్ తాగి, వచ్చి మిషన్ ఆన్ చేశాను.

చలికాలంలో ఒకరోజు పొద్దున రైటర్ ఒక చార్జిషీటు కట్ట తెచ్చాడు. ముద్దాయికి ఇవ్వడానికి, వకీలుకు ఇవ్వడానికి మూడు కాపీలు కావాలన్నాడు. ఒక్కో కాగితం తీసి అద్దం మీద బోర్లించుకుంటూ పోతున్నాను. తొమ్మిదో కాగితమో పదో కాగితమో, కింద నా సంతకం ఉంది. పైన నా పేరు, వయసు, నా తండ్రి పేరు, వృత్తి జిరాక్స్ షాపు. ఆగి చదివాను. మేస్త్రి ఎవరి బలవంతమూ లేకుండా నా ఎదుట నేరం ఒప్పుకున్నాడట. మమ్మల్ని వెంటబెట్టుకొని ఆ అపార్టుమెంటు వెనక్కు తీసుకుపోయాడట. ఇసుక కుప్పకు ఎడమ పక్క గుడ్డపేలికలో చుట్టి దాచిన రెండు గాజులు తన చేత్తో తానే తీసి ఇచ్చాడట. ఉదయం పదకొండు గంటలు. తేదీ చూసి గోడ మీది క్యాలెండర్ వెనక్కు తిప్పాను. అది పెత్రమాస.

పెత్రమాస నాడు నేను షాపు తెరవను. ఆ అమావాస్యకు మా వైపు పోయిన పెద్దలకు బియ్యం ఇస్తారు. తలస్నానం చేసి, బియ్యం, పప్పు, కూరగాయలు చాటలో పెట్టుకొని, అయ్యగారి ముందు కూర్చుని నాన్న పేరు, తాత పేరు చెప్పి దండం పెట్టుకోవడం. ఆ ఏడు అయ్యగారు ఆలస్యంగా వచ్చారు, పదకొండు అయింది. సరిగ్గా నేను మా నాన్న పేరు చెబుతున్న వేళకు, ఈ కాగితంలో అదే నాన్న పేరు పక్కన రాయించుకొని ఇసుక కుప్ప ముందు నిలబడి ఉన్నాను. ఒళ్ళు మండింది. నా మీద నాకా, రైటర్ మీదా అన్నది ఆ నిమిషంలో తేలలేదు.

"ఏందన్నా ఇది? నేను యాడున్న, ఇది యాడిది?"

"రాత గట్లనే ఉంటదన్నా."

"నేను ఆడ లేను గదా."

"లేవని నీకెర్క, నాకెర్క. కాయిదానికెర్కనా?" అని నవ్వాడు. "గాజులు దొరికినయి, ఇంటోళ్ళకు ముట్టినయి. నీకేంది పరేషాన్? కోర్టుకు రావాల్నంటే ఏండ్లు పడ్తది. జర జల్దీ కానియ్యి, జీపు ఆగింది."

మేస్త్రి గాజులు తీశాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. తీసి ఉండొచ్చు. ఆ గాజులు నిజంగా ఇసుకలోనే దొరికాయో, ఇంకెక్కడ దొరికాయో కూడా తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, నేను చూడలేదు. అది తెలిసి కూడా బటన్ నొక్కాను. మూడు కాపీలు వచ్చాయి, పిన్ను కొట్టి ఇచ్చాను.

ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె పప్పు గుత్తి పట్టుకునే నా వైపు తిరిగింది. "సంతకం వెట్టేటప్పుడు నన్నడిగినవా? పెద్దమనిషివైతివి గదా."

"పోయి చెప్పాల్నా మరి?"

"ఎవరికి చెప్తవ్? చెప్పుకునేది వాళ్ళకే గదా," అంది. పైకి ఎస్సైకి చెబితే ఎస్సై రాయించిందే అది. కోర్టుకు పోయి చెబితే, చూడకుండా సంతకం ఎందుకు పెట్టావని మొదట నన్నే బోనెక్కిస్తారు. పోనీ మాట్లాడకుండా ఉంటే ఎదురింటి సెల్లార్‌లో సిమెంటు కలిపే మనిషి కళ్ళముందే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని చిన్నప్పుడు బడిలో రాసిన సామెతకు అర్థం నాకు నలభై ఆరో ఏట తెలిసింది.

నాలుగు రోజులకు మేస్త్రి భార్యే షాపుకు వచ్చింది. కొంగులో చుట్టిన కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. బెయిల్‌ది తప్ప అన్నీ నేను కాపీ తీసినవే. ఆమెకు చదువు రాదు. ఏ కాగితం ఏదో అడిగి, బెయిల్‌ది మాత్రం ఇంకో కాపీ తీయమంది.

"బెయిల్ ఇచ్చిన్రన్నా. కాని ఇద్దరు జామీను ఉండాల్నట. పట్నంల సొంతిల్లున్నోళ్ళే ఉండాల్నట. మాకీడ ఎవ్వరు ఎర్కలేదు. నువ్వొకనివి ఉంటవా అన్నా? ఆయన పారిపోయేటోడు గాదు."

ఉంటాననాలి. ఆ ఒక్క మాటతో సగం పని అయ్యేది. కానీ ఎవరి మీద సాక్షినో వాడికే జామీను ఉంటే రైటర్‌కు తెలియకుండా ఉంటుందా? జడ్జి అడగడా? తెల్ల కాగితం సంగతి అక్కడే బయటపడదా? ఇదంతా ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. "ఇల్లు ఇంకా మా నాయిన పేరు మీదనే ఉన్నది చెల్లె. నా పేరు మీద కాలే," అన్నాను. అది అబద్ధం. ఆ పంచనామా తర్వాత మా నాన్న పేరు అబద్ధానికి వాడటం అది రెండోసారి.

"గట్లనా. పోనియ్యన్నా, అడిగితి," అంది. ఆమె ముఖంలో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది.

జామీనుదారులు దొరకలేదు. బెయిల్ వచ్చి కూడా మేస్త్రి జైల్లోనే ఉండిపోయాడు. ఎదుటి అపార్టుమెంటు పూర్తయి జనం దిగారు. సెల్లార్‌లో కార్లు వచ్చాయి. ఆమె ఎక్కడో బస్తీలో ఉంటూ, పొద్దున్నే నారాయణగూడలో కూలీల అడ్డా మీద నిలబడేది. నేను పేపర్ కట్టల కోసం అటు పోవాల్సి వస్తే ఒక సందు ముందే స్కూటర్ తిప్పుకొని చుట్టూ తిరిగిపోయేవాడిని. అయినా నెలకో రెండు నెలలకో ఆమే వచ్చేది. ఏదో దరఖాస్తు, ఏదో గుర్తింపు కార్డు. నేను డబ్బులు తీసుకోకపోతే, "నీ అసొంటోళ్ళు ఉండవట్టే మేం బతుకుతున్నమన్నా," అనేది. ఆ మాట విన్న రోజు నా భార్య మీద ఊరికే అరిచేవాడిని. కక్కలేక మింగలేక ఏడాదిన్నర గడిచింది.

2013 ఎండలు ముదురుతుండగా సమన్లు వచ్చాయి. వాటితోపాటే రైటర్ వచ్చి షటర్ సగం దించమన్నాడు. పట్టపగలు నా షాపులో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నేను చెప్పినట్టు రాసి ఉన్నది నా చేతే చదివించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. "ఇసుక కుప్ప ఏ దిక్కు?" "ఎడమ దిక్కు." "గుడ్డ రంగు?" "నీలం." "శభాష్." చిన్నప్పుడు ఎక్కాలు కూడా నేను అంత భయంగా ఒప్పజెప్పలేదు.

"ఆ రోజు పెత్రమాస అన్నా. నేను ఇంట్ల ఉన్న. గీ అబద్ధం నాతోని కాదు," అన్నాను.

రైటర్ కోపం తెచ్చుకోలేదు. మిషన్ మీద చెయ్యి వేసి నిమిరాడు. "చుట్టూ అన్ని కోచింగ్ సెంటర్లే గదన్నా. రేపు ఏదన్న పరీక్ష పేపర్ నీ కాడ జిరాక్స్ అయిందని ఎవడన్న అర్జీ వెడితే? మేం మిషన్లు పట్కపోవాల్సి వస్తది. పంచనామా జెయ్యాల్సి వస్తది." మూత మీద వేలితో కొట్టి, "పంచ్‌లు దొరుకుతరు," అన్నాడు.

దొరుకుతారని నాకంటే బాగా ఎవరికి తెలుసు.

కోర్టుకు మొదటిసారి పోతే జడ్జిగారు సెలవు. రెండోసారి ముద్దాయిని తేవడానికి ఎస్కార్టు లేదు. ప్రతిసారీ బస్సెక్కేటప్పుడు నిజం చెప్పేస్తాను అనుకునేవాడిని, దిగేలోపు మిషన్లు గుర్తొచ్చేవి. మూడోసారి ఏప్రిల్ చివర. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే ఇద్దరు కానిస్టేబుళ్ళు మేస్త్రిని తీసుకొచ్చి నా పక్కనే నేల మీద కూర్చోబెట్టారు. బుగ్గలు లోపలికి పోయాయి. గోళ్ళలో సిమెంటు లేదు. చేతులు ఆఫీసులో పనిచేసేవాడివిలా మెత్తబడ్డాయి.

"నమస్తె అన్నా. దుకాణం బందువెట్టి వచ్చినవా?" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. కానిస్టేబుళ్ళు బీడీ కోసం పక్కకు జరిగారు. కిందికి వంగి, "నిన్ను పట్టిచ్చిన కాయిదం మీద సంతకం నాదే. నేను ఆడ లేను. రాయని కాయిదం మీద పెట్టిన," అన్నాను.

"ఎర్కే అన్నా."

"ఎప్పటిసంది?"

"మొదటేడాదే. కాయిదాలు ఇచ్చినప్పుడు జైల్ల ఒక సదువుకున్నోడు సదివి జెప్పిండు. జిరాక్స్ షాపు అని ఉన్నది, ఇంకెవరుంటరు?"

"మరి నీ భార్యకు జెప్పలేదా? ఆమె నా కాడికే వస్తుండె గదా."

"అందుకే జెప్పలే," అన్నాడు. "జెప్తే నీ కాడికి రాకపోవు. ఆమెకు కాయిదాలు సదివి జెప్పేటోళ్ళు ఇంకెవరున్నరన్నా ఈ పట్నంల?"

ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా, కోర్టు వరండాలో, నలభై ఏడేళ్ళవాడిని. తర్వాత ముఖం తుడుచుకొని లేచి అతని వకీలు దగ్గరికి పోయాను. ప్రభుత్వం ఇచ్చిన వకీలు, చిన్న వయసు అమ్మాయి, చేతినిండా వేరేవాళ్ళ కట్టలు. నేను చూడలేదనీ, ఆ రోజు ఇంట్లో ఉన్నాననీ, జడ్జిగారి ముందు అదే చెబుతాననీ, ఏమైతే అయిందనీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె నీరసంగా గోడకు ఆనుకుంది. "మీరు ఇట్ల చెప్తరని నాకు ఆర్నెల్ల కింద తెలిస్తే బాగుండు సార్. ఇప్పుడు మీరు చెప్పినా మీ తర్వాత ఇంకా ఐదుగురు సాక్షులున్నరు. రేపటి నుంచి వేసవి సెలవులు. కేసు తేలేసరికి దసరా దాటుతది. అన్ని రోజులు ఆయన లోపలే. ఇయ్యాల తప్పు ఒప్పుకుంటే, ఉన్న పందొమ్మిది నెలలే శిక్ష కింద పట్టుకొని విడిచిపెడ్తరు. సాయంత్రానికి బయటుంటడు."

"అంటే నేను నిజం చెప్తే ఆయన జైల్ల ఉంటడు."

"ఉంటడు."

"ఒప్పుకుంటే ఇంటికి పోతడు."

ఆమె తల ఊపింది. ఆ సంగతి మేస్త్రికి ముందే చెప్పిందట. అతను ఆలోచించుకొని చెబుతానన్నాడట. నేను తిరిగి వచ్చేసరికి అతను నా కోసమే చూస్తున్నాడు.

"అన్నా, నువ్వు సదువుకున్నోనివి. ఏం జెయ్యమంటవు?"

ఆ ప్రశ్న నన్ను అడగకూడదు. ప్రపంచంలో ఎవరినైనా అడగొచ్చు, నన్ను అడగకూడదు. అతను ఒప్పుకుంటే నేను బోనెక్కే పని లేదు. నా సంతకం గురించి ఎవరూ అడగరు. నా మిషన్లు నా దగ్గరే ఉంటాయి. పోరాడు, నేను నిజం చెబుతాను అంటే దసరా దాకా అతన్ని నా మనశ్శాంతి కోసం లోపల పెట్టినట్టు. ఒప్పుకో అంటే నా భద్రత కోసం అతని మీద దొంగ ముద్ర వేయించినట్టు. ఏది మంచి సలహాయో నాకు తెలిసింది. అది నాకు లాభమైన సలహా కూడా.

"ఒప్పుకో," అన్నాను.

జడ్జిగారు, ఎవరి బలవంతమైనా ఉండి ఒప్పుకుంటున్నావా అని అడగడం గుమ్మం బయటికి వినపడింది. మేస్త్రి లేదన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ లేదన్నాడు. అయిదు నిమిషాలు పట్టలేదు. బంట్రోతు బయటికి వచ్చి, సాక్షులతో పని లేదు, మీరు పోవచ్చు అన్నాడు. నా కాళ్ళ నుంచి తల దాకా ఒక హాయి పాకింది. అది సిగ్గుపడాల్సిన హాయి అని బస్టాపు దాకా నడిచాక గాని తోచలేదు.

వారం తర్వాత ఊరికి పోతూ భార్యాభర్తలిద్దరూ షాపు ముందు ఆగారు. చేతిలో ఒక బట్టల మూట, టైల్స్ కోసే పనిముట్ల సంచి. కోర్టు ఇచ్చిన కాగితానికి ఒక కాపీ కావాలని ఆమె అడిగింది. విడిచిపెట్టారని ఊళ్ళో సర్పంచ్‌కు చూపించాలట. కాపీ తీసి ఇచ్చాను.

"ఏం రాసిన్రన్నా ఇండ్ల?"

అబద్ధం చెప్పబోయి, ఆమె భర్త వైపు చూశాను. అతను నేల వైపు చూస్తున్నాడు.

"గాజులు తానే దొంగతనం జేసిన్నని ఒప్పుకున్నడని ఉన్నది చెల్లె. శిక్ష అయిపోయిందని ఉన్నది."

ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "అంటే సర్కార్ కాయిదంల ఎప్పటికీ దొంగేనా? నువ్వు కోర్టుల ఆడనే ఉన్నవట గదన్నా. ఈ మనిషి అసొంటోడు గాదని ఒక్క మాట జెప్పకపోతివి?"

నేను మిషన్ మూత మూశాను. మేస్త్రి మూట భుజానికి ఎత్తుకున్నాడు.

"అన్ననెందుకంటవు," అన్నాడు భార్యతో. "అన్న ఏమన్న సూసిండా ఏంది? పా, బస్సు టైమైతుంది."